ప్రమాణం చేసి ఓటేసిన ఊరు

1999 నవంబరులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హామ్‌ట్రామిక్ అనే చిన్న పట్టణంలో పురపాలక ఎన్నికలు జరిగాయి. ఓటు వేయడానికి వచ్చిన వారిలో కొందరిని మాత్రం పోలింగు కేంద్రంలో ఆపేశారు. వారి పేర్లు అహ్మద్, ముహమ్మద్, అలీ. వారి ఒంటి రంగు చామనఛాయ. తాము అమెరికా పౌరులమేనని అందరి ఎదుటా ప్రమాణం చేస్తే తప్ప వారి చేతికి బ్యాలెట్ పత్రం ఇవ్వలేదు. వారిలో కొందరి దగ్గర అమెరికా పాస్‌పోర్టు ఉన్నా ప్రమాణం తప్పలేదు. వారి వెనుకా ముందూ నిలుచున్న తెల్లవారిలో ఒక్కరినీ ఎవరూ ఈ మాట అడగలేదు.

అక్కడి చట్టం ప్రకారం ఓటరు అర్హత మీద పోలింగు కేంద్రంలోనే అభ్యంతరం చెప్పవచ్చు. పట్టణాన్ని బాగుచేస్తామని పేరు పెట్టుకున్న ఒక స్థానిక సంఘం వారు ఆ వెసులుబాటును వాడుకుని నలభై మందికి పైగా ఓటర్ల మీద అభ్యంతరాలు చెప్పారు. అడ్డుకోవలసిన ఎన్నికల సిబ్బంది అడ్డుకోలేదు సరికదా, తామే ప్రమాణాలు చేయించారు. 2000లో అమెరికా కేంద్ర న్యాయశాఖ హామ్‌ట్రామిక్ మీద దావా వేసింది. పట్టణం ఒప్పందానికి వచ్చింది. అరబ్బు, బెంగాలీ మూలాలున్న వారిని కూడా పోలింగు సిబ్బందిగా నియమించడానికి అంగీకరించింది. తర్వాతి కొన్నేళ్ల ఎన్నికలకు కేంద్ర ప్రభుత్వ పరిశీలకులు వచ్చి కూర్చున్నారు.

సరిగ్గా ఇరవై రెండేళ్ల తర్వాత, 2021 నవంబరులో, అదే పట్టణపు ఓటర్లు మేయరుగానూ కౌన్సిలర్లుగానూ అందరినీ ముస్లిములనే ఎన్నుకున్నారు. 2022 జనవరిలో వారు పదవీ ప్రమాణం చేశారు. ఒకప్పుడు ఓటు కోసం ప్రమాణం చేయించుకున్న సముదాయమే ఇప్పుడు అధికారం కోసం ప్రమాణం చేసింది. ఆ మధ్యకాలంలో అక్కడి ముస్లిములు ఎవరికి ఓటేశారు, ఎందుకు వేశారు, ఆ ఓటు ఎటునుంచి ఎటు తిరిగింది అన్నది తెలుసుకోదగిన విషయం. అమెరికాలో బిడ్డలున్న కుటుంబాలు ఈ పేజీ చదివేవారిలోనూ తక్కువేమీ కావు.

ముందు ఆ ఊరి సంగతి. హామ్‌ట్రామిక్ విస్తీర్ణం కేవలం రెండు చదరపు మైళ్లకు కాస్త ఎక్కువ. దాదాపు నలువైపులా డెట్రాయిట్ మహానగరం చుట్టుకుని ఉంటుంది. ఓపిక ఉన్న మనిషి ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పావు గంటలో నడిచిపోగలడు. 2020 జనాభా లెక్కల ప్రకారం 28,433 మంది ఉన్నారు. 1910లో డాడ్జ్ సోదరులు అక్కడ మోటారు కార్ల కర్మాగారం కట్టినప్పుడు ఊరి జనాభా మూడున్నర వేలు. పదేళ్లలో అది 48 వేలు దాటింది. వచ్చినవారిలో అత్యధికులు పోలండ్ దేశం నుంచి వచ్చిన కాథలిక్ కార్మికులు. పెద్ద పెద్ద చర్చీలు కట్టుకున్నారు. వారి పండుగ మిఠాయి ఒకటి ఇప్పటికీ అక్కడ ప్రసిద్ధం. లోపల తీపి పూర్ణం పెట్టి నూనెలో వేయిస్తారు, మన బూరెలకు దూరపు చుట్టం అనుకోవచ్చు. 1922లో పట్టణంగా ఏర్పడిన నాటి నుంచి 2021 దాకా మేయర్లందరూ పోలిష్ సంతతి వారే. 1987లో పోలండ్ వారైన పోప్ రెండవ జాన్ పాల్ స్వయంగా ఈ చిన్న పట్టణానికి వచ్చి వెళ్లారు.

1980లో డాడ్జ్ కర్మాగారం మూతపడింది. పోలిష్ కుటుంబాల పిల్లలు శివార్లకు తరలిపోయారు. ఇళ్ల ధరలు పడిపోయాయి. అలా ఖాళీ అయిన ఇళ్లలోకి యెమెన్ దేశస్థులు వచ్చారు. డెట్రాయిట్ కార్ల పరిశ్రమలో వారు చాలాకాలంగా పనిచేస్తున్నవారే. 1990లలో బోస్నియా యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడిన ముస్లిములు వచ్చారు. అదే కాలంలో బంగ్లాదేశీయులు, ముఖ్యంగా సిల్హెట్ ప్రాంతం వారు, న్యూయార్కు అద్దెలు భరించలేక ఇక్కడికి తరలివచ్చారు. మస్జిదులు వెలిశాయి, హలాల్ దుకాణాలు తెరుచుకున్నాయి. అమెరికా జనాభా లెక్కల్లో మతం అడగరు గనుక కచ్చితమైన సంఖ్య ఎవరూ చెప్పలేరు. ఊళ్లో సగానికి పైగా ముస్లిములేనని పత్రికల అంచనా.

ఇప్పుడు ఓటు సంగతికి వద్దాం. ఈ పట్టణంలో వార్డులు లేవు. ఆరుగురు కౌన్సిలర్లను, మేయరును ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. బ్యాలెట్ మీద పార్టీ గుర్తులుండవు. పేరు చూసి ఓటేయాలి. ఇటువంటి పద్ధతిలో గెలవాలంటే తన వీధి, తన మస్జిద్, తన భాష వారి ఓట్లు మాత్రమే చాలవు. మొదట్లో ఇది ముస్లిములకు ఎదురుదెబ్బే. షహాబ్ అహ్మద్ అనే బంగ్లాదేశీ సోదరుడు 2001లో, అంటే న్యూయార్కు దాడులు జరిగిన కొద్ది వారాలకే, పోటీచేసి ఓడిపోయారు. 2003లో మళ్లీ నిలిచి గెలిచారు. ఆ రెండేళ్లలో ఆయన పేరు మారలేదు, రంగు మారలేదు. ఇరుగుపొరుగు వారు ఆయనను ఎరుగుదురు. మా దృష్టిలో ఆ గెలుపు వెనుక ఉన్న రహస్యం అంతే.

మరుసటి సంవత్సరమే అసలు పరీక్ష వచ్చింది. బంగ్లాదేశీయుల అల్ ఇస్లాహ్ మస్జిద్ వారు మైకులో అజాన్ ఇవ్వడానికి అనుమతి కోరారు. 2004 ఏప్రిల్‌లో కౌన్సిల్ తన శబ్ద నియంత్రణ నిబంధనను సవరించి, ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల మధ్య అజాన్‌కు వీలు కల్పించింది. దేశమంతటి నుంచీ విలేకరులు దిగారు. బయటి ఊళ్ల నుంచి నిరసనకారులు వచ్చారు. వ్యతిరేకులు సంతకాలు సేకరించి ఈ విషయాన్ని ప్రజల ఓటుకు పెట్టించారు. ఆ ఏడాది జూలైలో ఓటింగు జరిగింది. సుమారు 55 శాతం మంది అజాన్ పక్షాన నిలిచారు.

ఇక్కడ మేము కాసేపు ఆగదలచుకున్నాము. 2004లో ఆ పట్టణంలో ముస్లిం ఓటర్లు ఇంకా తక్కువ సంఖ్యలోనే ఉన్నారు. వారి ఓట్లతోనే 55 శాతం రాదు. చర్చి గంటలు విని పెరిగిన పోలిష్ కాథలిక్కులలో ఎందరో "గంట మోగవచ్చు గానీ అజాన్ వినపడకూడదా" అని తమకు తాము ప్రశ్న వేసుకుని ఓటేసి ఉంటేనే ఆ ఫలితం వస్తుంది. హామ్‌ట్రామిక్ గాలిలో అజాన్ అల్లాహ్ దయతో వినిపిస్తున్నది. అందుకు ఆయన సాధనంగా చేసుకున్నది పొరుగువారి ఓటును. మదర్సాలో పిల్లలకు పొరుగువాడి హక్కులు బోధించేటప్పుడు, మా పొరుగువాని హక్కు మా మీద ఎంత అని లెక్క చెబుతాము. పొరుగువాడు మనకు ఇచ్చిన హక్కును గుర్తుపెట్టుకోవడం కూడా ఆ పాఠంలో భాగమే.

2011లో మరో మంచి పరిణామం వచ్చింది. ఇంగ్లీషు సరిగా రాని ఓటర్లు ఒక స్థాయికి మించి ఉన్నచోట వారి భాషలోనూ ఎన్నికల పత్రాలు ఇవ్వాలని అమెరికా ఓటు హక్కుల చట్టం చెబుతుంది. ఆ జాబితాలో హామ్‌ట్రామిక్‌కు బెంగాలీ భాష చేరింది. పన్నెండేళ్ల క్రితం పౌరులేనా అని నిలదీసిన పోలింగు కేంద్రాల్లోనే ఇక వారి మాతృభాషలో బ్యాలెట్. 2013లో పట్టణ ఖజానా దివాలా అంచుకు చేరి, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకాధికారిని నియమించవలసి వచ్చింది. 2015 నవంబరులో ఆరుగురు కౌన్సిలర్లలో నలుగురు ముస్లిములయ్యారు. అమెరికాలో ముస్లిములు ఆధిక్యంలో ఉన్న నగర కౌన్సిల్ ఇదే మొదటిదని పత్రికలు రాశాయి. టెలివిజన్ వారు షరీఅత్ వచ్చేస్తుందని గాభరా పుట్టించారు. కౌన్సిల్ ముందున్నవి మాత్రం మురుగు కాలువలు, రోడ్ల గుంతలు, చెత్త బండ్లు.

2021లో కారెన్ మజెవ్‌స్కీ అనే పోలిష్ మహిళను ఓడించి అమీర్ గాలిబ్ మేయరు అయ్యారు. ఆమె పదిహేనేళ్లకు పైగా మేయరుగా ఉన్నారు. గాలిబ్ యెమెన్‌లో పుట్టి, పదిహేడేళ్ల వయసులో వలసవచ్చి, కార్ల విడిభాగాల కర్మాగారంలో పనిచేసి, తర్వాత వైద్యసేవల రంగంలోకి వెళ్లిన మనిషి. ఆయనకు మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చాయి. అదే ఎన్నికలో కౌన్సిల్‌కు గెలిచిన వారిలో అమాండా జచ్‌కోవ్‌స్కీ ఒకరు. ఆమె పోలిష్ సంతతి స్త్రీ, ఇస్లాం స్వీకరించిన సోదరి. పాత హామ్‌ట్రామిక్, కొత్త హామ్‌ట్రామిక్ ఒకే మనిషిలో కలిసినట్టయింది.

స్థానిక ఎన్నికల్లో పార్టీ గుర్తులు లేకపోయినా, దేశాధ్యక్షుని ఎన్నికల్లో ఈ ఊరు తరతరాలుగా డెమొక్రాట్ల కోట. కార్మిక సంఘాల ఊరు గనుక పోలిష్ వారు ఆ పార్టీకే ఓటేసేవారు. అలాగని ముస్లిములు మొదటి నుంచీ డెమొక్రాట్లని అనుకుంటే పొరపాటు. 2000లో అమెరికా ముస్లిం సంస్థల సమన్వయ మండలి రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్‌ను బలపరిచింది. ముస్లిం వలసదారులను రహస్య సాక్ష్యాలతో జైళ్లలో పెట్టడం తప్పని ఆయన టెలివిజన్ చర్చలో అన్నారు. ఆ ఒక్క మాట మీద లక్షల మంది ఆయనకు ఓటేశారు. నల్లజాతి ముస్లిములు మాత్రం మమ్మల్ని అడగకుండా ఈ తీర్మానం ఏమిటని కోపగించుకున్నారు. వారి ఓట్లు ఎక్కువగా రెండో వైపే పడ్డాయి. ఏడాది తిరగకముందే న్యూయార్కు దాడులు, ఆ తర్వాత పేట్రియాట్ చట్టం, 2003లో ఇరాక్ యుద్ధం. 2004 నాటికి వలస ముస్లిముల్లో అత్యధికులు డెమొక్రాట్ల వైపు మళ్లారు. 2017లో డొనాల్డ్ ట్రంప్ తొలి పాలనలో యెమెన్ సహా కొన్ని ముస్లిం దేశాల నుంచి రాకపోకలు నిషేధించినప్పుడు హామ్‌ట్రామిక్‌లో ఎన్నో ఇళ్లు రెండు ముక్కలయ్యాయి. భర్త ఇక్కడ, భార్యాబిడ్డలు అక్కడ. 2020లో ఈ పట్టణం జో బైడెన్‌కు సుమారు 85 శాతం ఓట్లు ఇచ్చింది. ట్రంప్‌కు 13 శాతం దాకా వచ్చాయి. బైడెన్ పదవిలోకి వచ్చిన మొదటి రోజే ఆ నిషేధాన్ని ఎత్తివేశారు.

అయితే పైకి కనిపించే ఆ 85 శాతం కింద మరో ప్రవాహం ఉంది. దాని జాడ 2008లోనే తెలిసింది. స్వలింగ సంపర్కులకు రక్షణ కల్పించే ఒక స్థానిక నిబంధన ఆ ఏడాది ప్రజల ఓటుకు వచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ కాథలిక్కులు, ముస్లిములు భుజం కలిపి ప్రచారం చేశారు. నిబంధన ఓడిపోయింది. అదే ఓటర్లు, అదే కాలంలో, అధ్యక్ష పదవికి డెమొక్రాట్‌కు ఓటేశారు. అంటే విదేశాంగ విధానం, వలస చట్టాలు, కూలి రేట్ల విషయంలో వారు ఒక పార్టీకి దగ్గర. కుటుంబం, పిల్లల పెంపకం విషయంలో మరో పార్టీకి దగ్గర. మన దగ్గర విలేకరులు ముస్లిం ఓటు బ్యాంకు అని తేలికగా రాసేస్తుంటారు. బ్యాంకులో వేసిన సొమ్ము వేసినచోటే ఉంటుంది. ఈ ఓటు ఉండలేదు.

2023 జూన్‌లో కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. పట్టణపు ప్రభుత్వ స్తంభాల మీద జాతీయ, రాష్ట్ర, పట్టణ జెండాలు, నివాసుల మాతృదేశాల జెండాలు తప్ప మరే వర్గపు జెండా, మతపు జెండా ఎగరవేయరాదని దాని సారాంశం. అంతకు ముందు మేయరు హయాంలో 2021లో స్వలింగ సంపర్కుల జెండా ఎగిరింది. దాన్ని ఉద్దేశించే ఈ తీర్మానం వచ్చిందన్నది అందరికీ తెలుసు. కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించింది. తీర్మానాన్ని ధిక్కరించి ఆ జెండా ఎగరవేసినందుకు మానవ సంబంధాల కమిషన్ సభ్యులిద్దరిని జూలైలో తొలగించారు. 2004లో అజాన్ పక్షాన నిలిచిన పాత స్నేహితుల్లో కొందరు నొచ్చుకున్నారు. అప్పుడు మేము మీ పక్షాన నిలిచాము, ఇప్పుడు మీరేం చేశారని అడిగారు.

ఆ విషయంలో ధర్మం ఏం చెబుతుందో మన పాఠకులకు తెలియనిది కాదు. దాన్ని మార్చే అధికారం ఏ కౌన్సిల్‌కూ లేదు, ఏ ఓటుకూ లేదు. అన్ని వర్గాలకూ ఒకే నియమం పెట్టి మతపు జెండాలనూ అందులో చేర్చారు గనుక ఇది న్యాయమేనని గాలిబ్ పక్షం వాదన. మా మటుకు తీర్మానం ఒక సంగతి, తీర్మానం గెలిచిన రాత్రి ఓడినవారిని చూసి చప్పట్లు కొట్టడం మరో సంగతి. ఒక జాతి మీద ఉన్న కోపం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో హెచ్చరిస్తున్నది. మక్కా విజయం నాడు దైవప్రవక్త (సఅసం) తల వంచుకుని నగరంలో ప్రవేశించారు. ఆ సంగతి మనం మీలాద్ సభల్లో చెప్పుకుంటాము. కౌన్సిల్ హాల్లోనూ అది పనికివస్తుంది.

2023 అక్టోబరు తర్వాత గాజాలో జరిగిన మారణకాండ ఈ ఓటును పూర్తిగా కుదిపేసింది. 2024 ఫిబ్రవరి 27న మిషిగన్ డెమొక్రాట్లు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నిక జరిగింది. బైడెన్‌కు వేయవద్దు, ఎవరికీ కట్టుబడలేదు అనే గడిలో ముద్ర వేయండని అరబ్బు, ముస్లిం యువత ప్రచారం చేశారు. రాష్ట్రమంతటా లక్ష మందికి పైగా అలా వేశారు. హామ్‌ట్రామిక్‌లో ఆ గడికి వచ్చిన ఓట్లు 61 శాతం. బైడెన్‌కు అందులో సగం. నాలుగేళ్ల కిందట ఆయనకు 85 శాతం ఇచ్చిన ఊరే ఇది.

ఆ తర్వాత దారులు చీలాయి. సెప్టెంబరులో మేయరు గాలిబ్ ట్రంప్‌ను బాహాటంగా బలపరిచారు. యుద్ధం ఆపుతాడన్న ఆశ, కుటుంబ విలువల విషయంలో దగ్గరితనం ఆయన చెప్పిన కారణాలు. కౌన్సిలర్లలో కొందరు కమలా హారిస్ వైపే నిలిచారు. మరికొందరు ఓటర్లు ఈ ఇద్దరూ వద్దని గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌ను ఎంచుకున్నారు. అక్టోబరులో ట్రంప్ స్వయంగా హామ్‌ట్రామిక్ వచ్చారు. ఒకే మస్జిదులో ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలిచిన వారు సలాం తిప్పాక మూడు రకాల కరపత్రాలు పట్టుకుని బయటికి నడిచారు. నవంబరు ఫలితాల్లో హారిస్‌కు సుమారు 46 శాతం, ట్రంప్‌కు 43 శాతం, స్టైన్‌కు 9 శాతం దాకా వచ్చాయి. పొరుగునున్న పెద్ద అరబ్బు పట్టణం డియర్‌బోర్న్‌లో ట్రంప్ మొదటి స్థానంలోనే నిలిచారు.

ఇందులో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం మాకు తగదు. గాజాలో బంధువుల శవాలను లెక్కపెట్టుకున్న మనిషి చేతిలో ఉన్న బ్యాలెట్ పత్రం గురించి హైదరాబాదు చల్లని గదిలో వ్యాఖ్యానించడం సులువు. కానీ ఓటు వేసేవారికి లెక్క చూసుకునే హక్కు ఉంటుంది, కర్తవ్యమూ ఉంటుంది. 2025 జూన్‌లో ట్రంప్ ప్రభుత్వం పన్నెండు దేశాల ప్రజల రాకను నిషేధించింది. ఆ జాబితాలో యెమెన్ మళ్లీ ఉంది. హామ్‌ట్రామిక్‌లో ట్రంప్‌కు ఓటేసిన యెమెనీ కుటుంబాల్లోనూ భార్య కోసం, తల్లి కోసం దరఖాస్తు పెట్టుకున్నవారు ఉండకపోరు. గాలిబ్‌ను కువైట్‌కు రాయబారిగా పంపుతామని ట్రంప్ 2025 మార్చిలో ప్రకటించారు. అక్టోబరులో సెనేట్ కమిటీ ఎదుట విచారణ జరిగినప్పుడు ఆయన పాత వ్యాఖ్యలు కొన్నింటిని బయటికి తీసి డెమొక్రాట్లు నిలదీశారు. ఆయన ఎవరి కోసం పాత మిత్రులను వదులుకున్నారో ఆ పార్టీ సెనేటర్లు కూడా కొందరు తాము ఒప్పుకోబోమన్నారు. బుష్ విషయంలో 2000లో జరిగినదానికీ దీనికీ ఉన్న పోలిక పాఠకులే చూసుకోవచ్చు.

మన పెద్దల్లో ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ (రహ్) ఓటు గురించి చెప్పిన వివరణ ఉర్దూ చదివినవారికి సుపరిచితం. ఆయన దృష్టిలో ఓటుకు మూడు ముఖాలున్నాయి. అది షహాదత్, అంటే ఫలానా మనిషి ఈ పనికి తగినవాడని ఇచ్చే సాక్ష్యం. అది సిఫారసు. అది వకాలత్, అంటే నా తరఫున, నా జాతి తరఫున మాట్లాడమని ఇచ్చే అధికారం. సాక్ష్యం అన్న తర్వాత అబద్ధపు సాక్ష్యానికి ఉన్న పాపం కూడా దానికి వర్తిస్తుంది. ఓటును కోపం తీర్చుకునే సాధనంగానో, మా ఊరివాడు అన్న ఒక్క కారణంతోనో వాడేవారు ఈ మాట గురించి ఆలోచించాలి.

ఆ మాట హామ్‌ట్రామిక్‌కు మరీ ఎక్కువగా వర్తిస్తుంది. ఎందుకంటే అక్కడి రోగం పోస్టు ఓటులో ఉంది. అమెరికాలో ఓటరు ఇంట్లో కూర్చుని బ్యాలెట్ నింపి, కవరులో పెట్టి పంపవచ్చు. చదువురాని ముసలివారి బ్యాలెట్లు కుర్రకారు సేకరించడం, సంతకాలు చేయించడం, కొన్నిసార్లు తామే నింపడం జరుగుతున్నదని పాత ఆరోపణ. 2013లోనే ఇలాంటి కేసులు వచ్చాయి. 2025 ఆగస్టులో ఇద్దరు కౌన్సిలర్ల మీద 2023 ఎన్నికల బ్యాలెట్ల విషయంలో ఫోర్జరీ అభియోగాలు నమోదయ్యాయి. నేరం రుజువయ్యేదాకా వారు నిర్దోషులే. అయినా 1999లో పోలింగు కేంద్రంలో అవమానం దిగమింగి ప్రమాణం చేసి ఓటేసిన ఆ పెద్దల కళ్ల ముందు ఈ వార్త ఎలా ఉండి ఉంటుంది? అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించండని అన్నిసా సూరాలో వచ్చిన ఆజ్ఞ కేవలం డబ్బు సంచుల గురించి వచ్చింది కాదు.

హైదరాబాదులో పుట్టిన గజాలా హాష్మీ 2025 నవంబరులో వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమె. ఆ వార్త ఇక్కడ ఎన్నో ఇళ్లలో మిఠాయిలు పంచింది, పంచాలి కూడా. అయితే ఆమెకు వచ్చిన ఓట్లలో ముస్లిముల వాటా కొద్దిపాటిదే. ఆమె ఎన్నేళ్లు ఎవరి పిల్లలకు కళాశాలలో పాఠం చెప్పారో వారు ఆమెకు ఓటేశారు. మన పిల్లలతో వారాంతంలో ఫోనులో మాట్లాడేటప్పుడు ఇల్లు కొన్నావా, గ్రీన్ కార్డు వచ్చిందా అని అడుగుతాము. పౌరసత్వం వచ్చినవారిని ఓటరుగా నమోదయ్యావా, పక్కింటివారి పేరేమిటి అని కూడా అడగవచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చినంత తొందరగా రెండోదానికి రాకపోతే ఆలోచించవలసిందే.

2025 నవంబరులోనే హామ్‌ట్రామిక్‌లో మళ్లీ మేయరు ఎన్నిక జరిగింది. గాలిబ్ పోటీ చేయలేదు. యెమెన్ మూలాలున్న ఆడమ్ అల్‌హర్బీ, బంగ్లాదేశ్ మూలాలున్న ముహిత్ మహమూద్ తలపడ్డారు. ఇద్దరూ ముస్లిములే, ఊరు మాత్రం ఇంచుమించు సరిసమానంగా చీలిపోయింది. 28 వేల మంది ఉన్న పట్టణంలో ఇద్దరికీ కలిపి పడిన ఓట్లు నాలుగు వేల చిల్లర. మొదటి లెక్కలో అల్‌హర్బీకి 11 ఓట్లు ఎక్కువ వచ్చాయి. తర్వాత పట్టణ కార్యాలయంలో 37 పోస్టు ఓట్లు లెక్కలోకి రాకుండా మిగిలిపోయినట్టు బయటపడింది. అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో, ఎవరు ముట్టుకున్నారో తేలలేదన్న సందేహంతో జిల్లా ఎన్నికల మండలిలో ఏకాభిప్రాయం రాలేదు. ఆ 37 మంది ఎవరికి ఓటేశారన్నది తెలియకుండానే అల్‌హర్బీ మేయరయ్యారు.